గోదావరి పల్లెల్లో ఛాంబర్ కచేరీల సీజన్ నడపడం ఎలా?

మా ఐదుగురి బృందం కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో కచేరీలు చేస్తోందని తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది: "మా ఊళ్లో కూడా పెట్టాలండీ, ఎక్కడ మొదలెట్టాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

ఛాంబర్ సంగీతం అంటే పెద్ద ఆర్కెస్ట్రా కాదు. ఒక్కో భాగానికి ఒక్కరే వాయిస్తారు, ముందు నిలబడి చేతులూపే కండక్టర్ ఉండరు, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నడిపిస్తారు. మా బృందంలో వయొలిన్, వయోలా (వయొలిన్‌కంటే కాస్త పెద్దది), చెల్లో (కుర్చీలో కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది), వీణ, మృదంగం ఉన్నాయి. మీ దగ్గర వేరే వాద్యాలున్నా కింద చెప్పినవాటిలో చాలావరకు పనికొస్తాయి.

## 1. పన్నెండు ఊళ్లు వద్దు, నాలుగు ఊళ్లు చాలు

అందరూ మొదట చేసే తప్పు ఇదే, మేమూ చేశాం. మొదటి ఏడాది ఊరికో కచేరీ చొప్పున పన్నెండు ఊళ్లు తిరిగాం. ఫొటోలు బాగా వచ్చాయి. ఆర్నెల్ల తర్వాత వెళ్తే మమ్మల్ని గుర్తుపట్టినవాళ్లు లేరు, ఒక్క టెంట్ హౌస్ ఆయన తప్ప. ఆయనకి మేం బాకీ.

ఇప్పుడు నాలుగు ఊళ్లే తీసుకుంటాం, ఒక్కో ఊరికి మూడుసార్లు వెళ్తాం. కచేరీల లెక్క అదే పన్నెండు. కానీ మొదటిసారి "ఇదేం వాద్యమండీ?" అన్న మనిషి మూడోసారికి ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఈ మార్గదర్శిలో మిగతావన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయి.

ఊళ్లు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి:

- నాలుగూ ఒకదానికొకటి గంట ప్రయాణంలో ఉండాలి. పాలకొల్లు, నరసాపురం వైపు రెండు, రాజోలు వైపు రెండు అనుకుంటే మధ్యలో వశిష్ఠ గోదావరి ఉంటుంది. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటి (రేవు దాటించే పడవ) మీద వెళ్లొచ్చు గానీ రాత్రి ఆఖరి పంటి ఎన్నింటికో ఆ రోజే రేవులో అడగండి. అది తప్పితే చించినాడ వంతెన చుట్టు తిరిగి రావాలి.
- ప్రతి ఊళ్లో మీ తరఫున తిరిగే మనిషి ఒకరుండాలి. సర్పంచే కానక్కర్లేదు. రిటైరైన టీచరు, డ్వాక్రా సంఘం లీడరు, లైబ్రరీ చూసుకునే కుర్రాడు, ఎవరైనా సరే, ఫోన్ ఎత్తే మనిషి కావాలి.
- కనీసం ఒక ఊరు మెయిన్‌రోడ్డు మీద లేనిదై ఉండాలి. అక్కడే జనం ఎక్కువ వస్తారు, ఎందుకంటే అక్కడికి ఇంకెవరూ రారు.

## 2. తేదీలు: పంచాంగం, పొలం, పరీక్షలు మూడూ కలిపి చూడాలి

డెల్టాలో సంవత్సరం పొడుగునా కచేరీలు పెట్టలేం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను భయం. ఆ వెంటనే సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, నూర్పిళ్లు, ధాన్యం అమ్ముకునే హడావిడి. ధనుర్మాసంలో గుళ్ల మైకులు తెల్లవారకుండానే మొదలవుతాయి. సంక్రాంతి మూడు రోజులూ మనల్ని పట్టించుకునే నాథుడు ఉండడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీమవరం వైపు కోడిపందేల బరులు. ఆ వారంలో చెల్లో పట్టుకుని వెళ్లకండి.

ఏప్రిల్ వస్తే దాళ్వా (రబీ వరి) కోతలు, ఎండలు. ఉగాది దాటితే శ్రీరామనవమి పందిళ్లు, వాటి మైకులు. కాబట్టి మిగిలేది సంక్రాంతి తర్వాత వారం నుంచి మార్చి మొదటి వారం దాకా. ఏడు వారాలు, శని ఆదివారాలు కలిపి పద్నాలుగు రోజులు. పన్నెండు కచేరీలు పెట్టి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. ఆ రెండూ తప్పకుండా అవసరమవుతాయి.

ఈ ఏడు వారాల్లో కూడా గోతులున్నాయి:

- మాఘమాసం పెళ్లిళ్లు. కళ్యాణమండపాలు దొరకవు, మృదంగం వాయించే ఆయనకి పెళ్లి కచేరీ పిలుపులు వస్తాయి, పక్కవీధిలో డీజే పెడతారు. ముందుగా ఆ ఊరి పంతులుగారి దగ్గరికి వెళ్లి పెద్ద ముహూర్తాలు ఏయే తేదీల్లో ఉన్నాయో రాసుకోండి. పది నిమిషాల పని, సీజన్ సగం కాపాడుతుంది.
- భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ దారిలో బండి కదలదు. శివరాత్రికి ద్రాక్షారామం, కోటిపల్లి వైపు అదే పరిస్థితి.
- మార్చిలో పది పరీక్షలు. అందుకే ఆఖరి రాక మార్చి మొదటి వారం దాటకూడదు. ఇంటర్ వాళ్ల టైంటేబుల్ కూడా ఒకసారి చూడండి. చదువుకునే పిల్లలున్న వీధిలో సాయంత్రం చప్పుడు చేస్తే ఆ తల్లులు మిమ్మల్ని రెండోసారి రానివ్వరు.

ఫిబ్రవరిలో పొద్దు ఆరింటి ప్రాంతంలో గుంకుతుంది. కచేరీ ఆరున్నరకి మొదలై ఏడున్నరకి ముగియాలి. ఆ తర్వాత వంటలు, సీరియళ్లు. వాటితో పోటీ పెట్టుకోవద్దు.

## 3. కచేరీకి నెల ముందు: వాద్యాలు లేకుండా ఒకసారి వెళ్లండి

ఉత్త చేతులతో వెళ్లండి. ఇద్దరు చాలు. టీకొట్టు దగ్గర కూర్చోండి, బడికి వెళ్లండి, పంచాయతీ ఆఫీసులో కనిపించండి. కచేరీ మాట చివర్లో ఎత్తండి.

ఆ రోజు వినిపించే మొదటి మాట నాకు కంఠతా వచ్చేసింది: "ఆయ్, పాట లేకుండా కచేరీ ఏంటండీ?" దానికి వాదన పెట్టుకోవద్దు. "ఒకాయన పాడి వినిపిస్తారండీ, తర్వాత అదే వాద్యాల మీద వాయిస్తాం" అనండి. నిజంగానే అలా చేయండి కూడా, ఆరో భాగంలో చెప్తాను.

ఇక అసలు విషయం. ఊళ్లో ఎక్కడ పెడితే ఎవరు రారో కనుక్కోవాలి. ఎవరు వస్తారో అడిగితే అందరూ వస్తారంటారు. గుడి మండపంలో పెడితే పేటలోవాళ్లు (దళితవాడ వాళ్లు) రాకపోవచ్చు, చర్చికి వెళ్లేవాళ్లు బయటే నిలబడిపోవచ్చు. ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద పెడితే ఆయనతో మాటల్లేని సగం ఊరు రాదు. ఇది ఎవరూ మీకు నోరు తెరిచి చెప్పరు, అడగ్గా అడగ్గా తెలుస్తుంది.

మేం పాటించే వరస: మొదటి రాక బడిలో. రెండోది పేటలోని కమ్యూనిటీ హాలులో. మూడోది గుడి మండపమో, రైసుమిల్లు ఆవరణో, ఊరు ఎక్కడ చెప్తే అక్కడ. రెండోదాన్ని మూడో స్థానానికి నెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. నెట్టకండి.

## 4. చోటు: చప్పట్లు కొట్టి చూడండి

హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. శబ్దం వెంటనే ఆగిపోతే పొడిగా ఉంది, కాస్త సాగి ఆగితే మంచిది. రెండు సెకన్లు మోగుతూనే ఉంటే మృదంగం దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం అవుతుంది. రేకుల షెడ్డు, టైల్స్ గోడల కళ్యాణమండపం ఇలాగే మోగుతాయి. టెంట్ హౌస్ నుంచి నాలుగు జంపఖానాలు ఎక్కువ తెప్పించి, రెండు నేల మీద, రెండు పక్కగోడలకి వేలాడదీయండి. జనం నిండాక ఇంకొంచెం తగ్గుతుంది.

ఆరుబయట సమస్య ఇందుకు తిరగబడుతుంది. శబ్దం నిలవదు, గాలికి పోతుంది. వాయించేవాళ్ల వెనక గోడ ఉండేలా కూర్చోండి. బడి వరండా దీనికి బ్రహ్మాండంగా ఉంటుంది: వెనక గోడ, పైన కప్పు, ముందు ఆవరణ. శ్రోతలు ఎనిమిది, పది మీటర్ల లోపు ఉంటే మైకు లేకుండానే వందమందికి వినిపిస్తుంది.

కోనసీమలో ఒక హెచ్చరిక. తోట అందంగా ఉందని కొబ్బరిచెట్ల కింద వేదిక పెట్టకండి. తప్పదంటే కాయల దింపు అయిన వారంలోనే పెట్టుకోండి, ఎండు మట్టలు కూడా లాగించండి. మాకు ఒకసారి రిహార్సల్‌లో ఎండుమట్ట ఒకటి చెల్లో కుర్చీకి రెండడుగుల అవతల పడింది. ఆ రోజు ఎవరూ సరిగ్గా వాయించలేదు.

కింద కూర్చునేవాళ్లు, కుర్చీలో కూర్చునేవాళ్లు. ఇది ఎవరూ ముందు ఆలోచించరు. వీణ, మృదంగం, మన పద్ధతి వయొలిన్ కింద కూర్చుని వాయిస్తారు. చెల్లోకి కుర్చీ తప్పదు, మా వయోలా ఆవిడ కూడా కుర్చీలోనే. అందరినీ ఒకే నేల మీద పెడితే చెల్లో మనిషి ఒక అడుగున్నర ఎత్తులో ఉంటారు, కళ్లు కలవవు. కళ్లు కలవకపోతే కండక్టర్ లేని బృందంలో ఎత్తుగడే (అందరూ ఒక్కసారి మొదలెట్టడం) కుదరదు. దీనికి మందు: కింద కూర్చునేవాళ్లకి 40, 45 సెంటీమీటర్ల ఎత్తు బల్లలు వేయండి, కుర్చీలు బల్లల పక్కన నేల మీద ఉంచండి. బల్లలు కదలకుండా కాళ్ల కింద అట్టముక్కలు. చెల్లో కింది మేకు టైల్స్ మీద జారుతుంది, కుర్చీ ముందుకాలికి బెల్టు కట్టి దాని రంధ్రంలో మేకు దించండి.

అర్ధచంద్రాకారంలో కూర్చోండి. మృదంగం చెల్లో పక్కన కాకుండా ఎదురుగా ఉంటే రెండు మంద్ర శబ్దాలూ కలిసి బురద కావు.

## 5. శ్రుతి, వాద్యాలు, తేమ

ముందు శ్రుతి తేల్చుకోవాలి, తర్వాతే పాటల పట్టిక. మేం రెండు శ్రుతి, అంటే పాశ్చాత్య పద్ధతిలో డి, పెట్టుకున్నాం. కారణం సింపుల్: చెల్లో మీద, వయోలా మీద డి, ఎ ఉత్తతీగలే. షడ్జమం (స), పంచమం (ప) రెండూ వేలు పెట్టకుండా మోగుతాయి, ఆధారం గట్టిగా నిలుస్తుంది.

కానీ వీణకి ఇది తక్కువ. మూడు దగ్గర అలవాటైన వీణని రెండుకి దింపితే తీగలు వదులై చప్పగా మోగుతాయి, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లాగితే అదుపు తప్పుతుంది. వైణికులకి నెల ముందే చెప్పండి, కాస్త లావు తీగలు వేసుకుని అలవాటు పడతారు. మృదంగం కూడా అంతే, తగ్గు శ్రుతి మృదంగం కావాలి. హెచ్చు శ్రుతిదాన్ని తెచ్చి వార్లు వదులు చేసి రెండుకి దింపుదామంటే కుడి మూత పలకదు. మా మొదటి కచేరీలో ఇదే జరిగింది. పాపం ఆయన గంటసేపు డబ్బా వాయించినట్టు వాయించారు.

ఇక తేమ. కాలవ పక్క ఊళ్లో సాయంత్రం ఆరు దాటాక గాలి మారిపోతుంది. మధ్యాహ్నం చేసిన శ్రుతి సాయంత్రం ఉండదు.

- మృదంగం: తేమకి చర్మం మెత్తబడి శ్రుతి దిగుతుంది. కచేరీ జరిగే చోట ముప్పావు గంట ముందే సంచీ విప్పి ఉంచాలి, తర్వాతే శ్రుతి చేసే రాయి, పుల్ల పట్టుకోవాలి. ఎడమ మూతకి రవ్వ ముద్ద ఆఖర్న.
- వీణ: మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఎండలో ఆపిన కారు డిక్కీలో గంట ఉంచితే మైనం మెత్తబడి మెట్టు ఒరుగుతుంది. ఒక్క మెట్టు వెంట్రుకవాసి కదిలినా ఆ స్వరం తప్పు పలుకుతుంది, కచేరీ మధ్యలో దాన్ని సరిచేయలేరు. వీణ ఎప్పుడూ మనుషులతోపాటు సీట్లో ప్రయాణం చేయాలి. వేదిక మీద హాలోజన్ దీపం దాని మీద పడకుండా చూడండి, ఎల్ఈడీ పెట్టమనండి.
- వయొలిన్, వయోలా, చెల్లో: బిరడాలు తేమకి బిగుసుకుపోతాయి. బలవంతంగా తిప్పితే తీగ తెగుతుంది. బిరడా మీద సబ్బు కాస్త, సుద్ద కాస్త రాసి ఉంచుకోండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, వారానికోసారి మార్చండి. చెల్లో పక్కల అతుకు విడిందేమో వేలి కణుపుతో తట్టి చూస్తూ ఉండండి. బొలబొలమని మోగితే వాయించడం ఆపి బాగుచేయించాలి.
- వేణువు ఉంటే: వేడి పెరిగేకొద్దీ వేణువు శ్రుతి ఎక్కుతుంది, తీగ వాద్యాల శ్రుతి దిగుతుంది. ఇద్దరూ రెండు దారులు పడతారు. పాట పాటకీ సరిచూసుకోండి, సిగ్గుపడొద్దు.

వెంట ఉండాల్సిన సంచీ: ప్రతి వాద్యానికి ఒక సెట్టు తీగలు, విల్లుకి రాసే రోజిన్, శ్రుతిపెట్టె, దానికి బ్యాటరీలు, రాయి, పుల్ల, రవ్వ, కత్తెర, ఇన్సులేషన్ టేపు, పొడి గుడ్డలు, టార్చిలైటు, దోమల చక్రాలు, బట్టల క్లిప్పులు రెండు డజన్లు. బట్టల క్లిప్పులు ఎందుకంటే, ఫ్యాన్ వేస్తే స్వరం కాగితాలు ఎగురుతాయి, ఫ్యాన్ ఆపితే జనం ఎగురుతారు.

## 6. యాభై ఐదు నిమిషాలు ఏం వాయించాలి

విరామం లేకుండా యాభై ఐదు నిమిషాలు. విరామం ఇస్తే సగం మంది ఇంటికి పోతారు, వాళ్ల తప్పు కాదు.

మా పద్ధతి ఇది:

1. తెలిసిన రాగంలో చిన్న కృతి, ఐదు నిమిషాలు. మోహన చాలా బాగా పనిచేస్తుంది. ఐదే స్వరాలు, ఎక్కడో విన్నట్టే ఉంటుంది.
2. వాద్యాల పరిచయం, ఎనిమిది నిమిషాలు. ఒక్కొక్కరూ ఒక్క వాక్యం వాయించాలి, ఉపన్యాసం కాదు. చెల్లో మంద్రస్థాయి తీగ ఒక్కసారి లాగితే పిల్లలు నోరు తెరుస్తారు.
3. పాడి, వాయించేది. ఒకరు పల్లవి పాడతారు, జనం చేత అనిపిస్తారు, తర్వాత అదే పల్లవి ఐదు వాద్యాల్లో ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వెళ్తోందో పట్టుకోమంటారు. పన్నెండు నిమిషాలు. కచేరీకి ప్రాణం ఇదే.
4. కొత్త రచన, ఎనిమిది నిమిషాలు మించకూడదు. సమకాలీన సంగీతం అంటే భయపడక్కర్లేదు గానీ ముందు ఒక్క తాడు అందించాలి. "ఇందులో వర్షం మొదలై ఆగుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పండి" అంటే చాలు. వివరణ రెండు వాక్యాలు దాటితే సంగీతం వినరు, వివరణతో సరిచూస్తూ కూర్చుంటారు.
5. తాళం ఆట. ఆదితాళం ఎనిమిది అక్షరాలు జనం చేత వేయించి, మృదంగం ఒక్కటే దాని మీద తిరగాలి. ఐదారు నిమిషాలు.
6. ఆఖర్న పాశ్చాత్య నాట్యగతిలో ఏదైనా హుషారైనది, లేదా తిల్లానా.

మిగిలే పది నిమిషాలు మాటలకి, శ్రుతి సరిచూసుకోడానికి, ఆలస్యానికి పోతాయి. మొదటిసారి పట్టిక వేసేవాళ్లు ఈ పది నిమిషాల్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు.

రాసుకునే పద్ధతి. వయోలా, చెల్లో వాళ్లకి స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి) కావాలి, వీణ, మృదంగం వాళ్లకి స్వరాలు తెలుగులో కావాలి. ఒకే కాగితం మీద రెండూ, ప్రతి ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) ఒకే నంబరు వేయండి. రిహార్సల్‌లో "పదిహేడు నుంచి" అంటే అందరికీ ఒకటే చోటు కావాలి. గమకాన్ని స్టాఫ్ మీద పూర్తిగా రాయాలని చూడకండి. వైణికులు వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి చెల్లో వాళ్లకి పంపండి, చెవితోనే వస్తుంది. చెల్లో ప్రతి గమకాన్నీ అనుకరించాల్సిన పనీ లేదు. షడ్జమ పంచమాలు పట్టుకుని నిలబడటం, అక్కడక్కడ వేలితో మీటడం, అదే దాని బలం.

## 7. అనుమతులు, డబ్బు

క్లుప్తంగా చెప్తాను.

- మైకు వాడితే పోలీస్ స్టేషన్‌లో అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు కుదరవు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించి ఉండొచ్చు. బడి ఆవరణలో పెడుతున్నారంటే అందుకే మైకు లేకుండా ప్లాన్ చేయడం మేలు.
- బడికి హెడ్‌మాస్టారి సంతకంతో కాగితం. నోటిమాట మీద వెళ్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.
- త్యాగరాజు కృతులకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన చట్టంలో కాపీరైట్ స్వరకర్త పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. సినిమా పాట వాయించమని తప్పక అడుగుతారు. డబ్బు తీసుకుని వాయించే బృందమైతే ఐపీఆర్ఎస్ (పాటల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు సంగతి చూసుకోకుండా ఒప్పుకోకండి. కొత్త రచన చేయించుకుంటే ఎన్నిసార్లు వాయించొచ్చు, రికార్డింగ్ ఎవరిది అన్నవి స్వరకర్తతో కాగితం మీద రాసుకోండి.
- పేరు మీద సొసైటీ పెట్టుకోవాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి.

డబ్బు పద్దులు ఇవి: కళాకారుల పారితోషికం, బండి, రిహార్సల్ రోజుల కూలి, టెంట్ సామాను, వాద్యాల మరమ్మతు, ఒక కచేరీ వాన పాలైతే మళ్లీ పెట్టడానికి సరిపడా నిలవ. ఇందులో రిహార్సల్ కూలిని చాలామంది వదిలేస్తారు. పన్నెండు కచేరీలకి కనీసం ఎనిమిది రిహార్సళ్లు పడతాయి, అవి ఊరికే రావు.

దాతల దగ్గర డబ్బుకంటే వస్తువు అడగడం సులువు. రైసుమిల్లు ఆయన్ని జనరేటరు అడగండి, ఆక్వా రైతుని బండి అడగండి, టెంట్ హౌస్‌ని కుర్చీలు అడగండి. టికెట్ పెట్టొద్దు. హుండీ కావాలంటే మూడో రాకలో పెట్టండి, అప్పటికి మీరెవరో వాళ్లకి తెలుసు.

## 8. పిలుపు

ఆటోకి మైకు కట్టి తిప్పితే వినిపిస్తుంది, జనం రారు. వాట్సాప్ గ్రూపులో పోస్టరు పెడితే దండం గుర్తులు వస్తాయి, జనం రారు. గోదావరి పల్లెలో మనిషిని కదిలించేది గుమ్మం ముందుకొచ్చి పిలిచే పిలుపు. కచేరీకి ముందురోజు సాయంత్రం మీ ఊరి మనిషి, ఇద్దరు ఆడవాళ్లు కలిసి వీధివీధి తిరగాలి. పెళ్లికి పిలిచినట్టు పిలవండి: "రేపు ఆరున్నరకి బడి దగ్గర వీణ కచేరీ అండీ, పిల్లల్ని తీసుకుని రండి." బొట్టు పెట్టే అలవాటున్న ఇళ్లలో బొట్టు పెట్టండి. అన్ని వీధులూ తిరగాలి, పేటతో సహా. ఒక వీధి వదిలేస్తే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది.

ఆ ముందురోజే మధ్యాహ్నం బడిలో నలభై నిమిషాలు పిల్లలకి కేటాయించండి. చెల్లో, మృదంగం చాలు. ముట్టుకోనివ్వండి. చెల్లో వెనక చెక్కకి చెవి ఆనించి తీగ మీటితే ఆ ముఖాలు చూడాలి. ఆ పిల్లలే మర్నాడు సాయంత్రం అమ్మానాన్నల్ని లాక్కొస్తారు.

## 9. కచేరీ రోజు

- 2.30: చేరడం. మరుగుదొడ్డి, మంచినీళ్లు ఎక్కడో చూసుకోవడం. కరెంటు ప్లగ్గులు పరీక్షించడం.
- 3.00: బల్లలు, జంపఖానాలు, కూర్చునే వరస. జనరేటరు ఉంటే గోడ అవతల, కనీసం ముప్పై మీటర్ల దూరంలో. వైరు పొడవు ముందే కొలుచుకోండి.
- 4.00: రిహార్సల్, నలభై నిమిషాలు మాత్రమే. కష్టమైన ఎత్తుగడలు, ముగింపులు. మొత్తం వాయించి అలిసిపోవద్దు.
- 5.00: టీ. ఊరివాళ్లు ఈ టైంలోనే టిఫిన్ అంటారు. "కచేరీ అయ్యాక తప్పకుండా తింటామండీ" అని నెల ముందే మాట ఇచ్చి ఉంచండి. గోదావరి జిల్లాలో భోజనం వద్దనడం ఎవరి తరమూ కాదు, వాయిదా వేయడం మాత్రమే మన చేతిలో ఉంది.
- 5.45: వాద్యాలు వేదిక మీద, గాలికి అలవాటు పడనివ్వడం. దోమల చక్రాలు వెలిగించడం, వాద్యాలకి దూరంగా.
- 6.15: ఆఖరి శ్రుతి.
- 6.35: మొదలు. ఇరవైమందే ఉన్నా సరే. వాయిద్యం వినపడితేనే మిగతావాళ్లు బయల్దేరతారు.

మైకు తప్పదనుకుంటే (నూటయాభై మంది దాటినా, రోడ్డు పక్కనైనా) మనిషికో మైకు పెట్టకండి. బృందం ముందు రెండు మంచి కండెన్సర్ మైకులు మీటరున్నర దూరంలో, వీణకి మాత్రం విడిగా ఒకటి. మైకుసెట్ అబ్బాయితో రిహార్సల్ ముందే ఒక్క మాట: "తమ్ముడూ, ఎకో పూర్తిగా తీసెయ్." తీసేస్తాడు. కచేరీ మొదలయ్యాక జాలిపడి మళ్లీ కాస్త పెడతాడు. మీ మనిషి ఒకరు అతని పక్కనే కూర్చోవాలి.

## 10. తరచూ తగిలే దెబ్బలు, మందులు

ప్రసంగాలు. ఒక ఊళ్లో దీపప్రజ్వలన, శాలువాలు, నలుగురు పెద్దల మాటలు కలిపి నలభై నిమిషాలు పట్టాయి. ఈలోపు మృదంగం శ్రుతి దిగిపోయింది, పిల్లలు నిద్రపోయారు. ఇప్పుడు వాద్యాలు లేకుండా వెళ్లిన రోజే ఒప్పందం: సన్మానం ఆఖర్న, ఐదు నిమిషాలు, మాట్లాడేది ఒక్కరే. పెద్దాయన నొచ్చుకుంటారనుకుంటే ఆయన చేత మొదటి రాగం పేరు ప్రకటింపజేయండి. గౌరవమూ దక్కుతుంది, అర నిమిషంలో అయిపోతుంది.

పక్కవీధి డీజే. పోట్లాడొద్దు. పెళ్లివారింటికి మీ ఊరి మనిషిని పంపి గంటసేపు ఆపమని అడిగించండి. ఊరేగింపు అయితే అది దాటేదాకా తాళం ఆట ముందుకు జరపండి, డప్పులతో పోటీపడి నిలబడేది మృదంగం ఒక్కటే.

కరెంటు పోవడం. మైకు లేని కచేరీకి ఇది వరం. ప్రతి స్టాండుకి చిన్న బ్యాటరీ దీపం తగిలించి ఉంచండి, ఆపకుండా వాయించండి. మా బృందానికి ఇప్పటిదాకా దక్కిన అతి నిశ్శబ్దమైన శ్రోతలు అలా చీకట్లో దొరికినవాళ్లే.

పిల్లల గోల. ముందు జంపఖానా మీద కూర్చోబెట్టండి, వెనక్కి నెట్టకండి. వెనక ఉంటేనే గోల.

తీగ తెగడం. వయొలిన్ అయితే మిగతావాళ్లు రాగం సాగదీస్తూ ఉండగా మార్చుకోవచ్చు. వీణ తీగ తెగితే పాట ఆపి, అది ఎలా మారుస్తారో జనానికి చూపించండి. ఊరు ఊరంతా లేచి వచ్చి చూస్తుంది.

## 11. రెండో రాక, మూడో రాక

మొదటి కచేరీ అయిన రాత్రే, భోజనాల దగ్గర ఒక ప్రశ్న అడగండి: ఈ ఊళ్లో లాలిపాటలు, నాట్ల పాటలు, పడవ పాటలు ఎవరికొచ్చు? పేర్లు రాసుకోండి. వారంలో ఒకరోజు ఇద్దరు వెళ్లి వినండి. రికార్డు చేసే ముందు అడగాలి, ఎందుకు వాడతారో చెప్పాలి, వాళ్ల టైంకి డబ్బివ్వాలి. నాట్లకి పోతే ఆవిడకి ఆ రోజు కూలి వచ్చేది కదా.

రెండో రాకలో ఆ పాటల్లో ఒకదాన్ని వాద్యాలకి కూర్చి వాయించండి. మార్చాల్సి వస్తే శ్రుతి మార్చుకోండి, ఆవిడ నడక మార్చకండి. ఆవిడ పాడే చోట ఆవర్తనం ఒకచోట అరవీసం ఎక్కువ ఉండొచ్చు, అది తప్పని సరిచేస్తే పాట చచ్చిపోతుంది. చెల్లో ఆధారం పట్టుకుని ఆవిడ ఊపిరి కోసం ఆగాలి.

మూడో రాకలో ఆవిడే వచ్చి బృందంతో పాడతానంటే పాడనివ్వండి. వద్దంటే బలవంతం వద్దు. కరపత్రంలో పేరు వేయాలా వద్దా అన్నదీ ఆవిడనే అడగండి.

సీజన్ అయ్యాక చేయాల్సినవి మిగిలాయి:

- టెంట్ హౌస్ బాకీ ఆ రాత్రే తీర్చండి.
- హెడ్‌మాస్టారికి తాళంచెవి, ఊడ్చిన వరండా అప్పగించండి.
- రికార్డింగులు పాడినవాళ్లకి పెన్‌డ్రైవ్‌లో, వాళ్లు వాడేది మామూలు ఫోన్ అయితే మెమరీ కార్డులో ఇవ్వండి.
- ఎండలు ముదరకముందే వీణని మైనం పనికి పంపండి, చెల్లో తీగలు అర స్వరం దింపి పెట్టెలో పెట్టండి.
- సంక్రాంతి తర్వాత వారం ఎప్పుడొస్తుందో వచ్చే ఏటి పంచాంగంలో చూసి, ఆ శనివారం మీద గుర్తు పెట్టుకుని, నలుగురు ఊరి మనుషులకీ ఫోన్ చేయండి.